వర్చువల్ మెషీన్‌కు నెట్‌వర్క్ కార్డును నేరుగా అప్పగించాలి: గ్రూపు దగ్గర ఆగిపోయింది

మిర్యాలగూడ_ల్యాబ్

నమస్కారం. ఒక డిగ్రీ కాలేజీ కంప్యూటర్ ల్యాబు నా బాధ్యతలో ఉంది. పాత వర్క్‌స్టేషన్ ఒకదాన్ని సర్వరుగా మార్చి, దాని మీద మూడు వర్చువల్ మెషీన్లు (సాఫ్ట్‌వేర్‌తో సృష్టించే విడి కంప్యూటర్లు) నడపాలని చూస్తున్నాను. మొదటిది ఓపీఎన్‌సెన్స్, అంటే ల్యాబు మొత్తానికి రౌటరు, ఫైర్‌వాల్ అదే. రెండోది విద్యార్థుల ఫైళ్ల సర్వరు. మూడోది ప్రోగ్రామింగ్ పరీక్షలు పెట్టడానికి వెబ్ సర్వరు.

యంత్రం వివరాలు: ఇంటెల్ 6వ తరం ఐ7, 32 జీబీ ర్యామ్, డెబియన్ 12 లైనక్స్, వర్చువల్ మెషీన్లు నడపడానికి కేవీఎం, వాటిని నిర్వహించడానికి విర్ట్-మేనేజర్. బోర్డు మీద ఉన్న పోర్టు కాక, రెండు పోర్టుల ఇంటెల్ ఐ350 కార్డు ఒకటి కొని మొదటి పొడవాటి స్లాటులో పెట్టాం. రెండో పొడవాటి స్లాటులో అడాప్టరు మీద ఎన్‌వీఎమ్ఈ డిస్కు ఉంది. డెబియన్ ఆ డిస్కు మీదే ఉంది.

ఐ350 కార్డును పూర్తిగా ఓపీఎన్‌సెన్స్‌కే ఇవ్వాలన్నది ఉద్దేశం. బయోస్‌లో వీటీ-డీ (పరికరాలను నేరుగా అప్పగించడానికి కావలసిన ఇంటెల్ సౌకర్యం) ఆన్‌లో ఉంది. కెర్నెల్ పారామీటర్లలో ఐఓఎమ్ఎమ్‌యూను (పరికరాలు ర్యామ్‌లో ఎక్కడ ముట్టుకోవచ్చో అదుపు చేసే భాగం) ఆన్ చేశాను, లాగ్‌లో కూడా అది పనిచేస్తున్నట్టే కనిపిస్తోంది. కార్డు రెండు పోర్టులనూ వీఎఫ్ఐఓ డ్రైవరుకు, అంటే పరికరాన్ని వర్చువల్ మెషీన్‌కు అప్పగించే డ్రైవరుకు కట్టాను. అయినా వర్చువల్ మెషీన్ మొదలుపెట్టగానే, గ్రూపు 1 పనికిరాదని, ఆ గ్రూపులోని పరికరాలన్నీ వీఎఫ్ఐఓ కింద ఉండాలని చెప్పి ఆగిపోతోంది. ఇంకా ఏం మిగిలింది?

సూర్యాపేట_హార్డ్‌వేర్

మేడం, బయోస్‌లో వీటీ-ఎక్స్ (ప్రాసెసర్ వైపు వర్చువలైజేషన్), వీటీ-డీ రెండూ వేరువేరు. రెండూ ఆన్‌లో ఉన్నాయో లేదో ఒకసారి చూడండి. కొన్ని బోర్డుల్లో బ్యాటరీ బలహీనపడితే కరెంటు పోయి వచ్చినప్పుడు బయోస్ సెట్టింగులు మొదటికొస్తాయి.

పాలమూరు_కెర్నెల్

వీటీ-డీ ఆన్‌లో లేకపోతే అసలు గ్రూపులే ఏర్పడవు. మేడంకు గ్రూపు నంబరుతో సహా సందేశం వచ్చింది కాబట్టి అంతవరకు సరిగానే ఉంది. సమస్య గ్రూపులోనే ఉంది. సిస్ ఫైల్‌సిస్టమ్‌లో కెర్నెల్ కింద ఐఓఎమ్ఎమ్‌యూ_గ్రూప్స్ అనే ఫోల్డరు ఉంటుంది. అందులో 1 అన్న ఫోల్డరు తెరిచి, డివైసెస్ లోపల ఏయే చిరునామాలు ఉన్నాయో ఇక్కడ పెట్టండి. బోర్డు మీది పోర్టు ఏ గ్రూపులో ఉందో అది కూడా.

మిర్యాలగూడ_ల్యాబ్

గ్రూపు 1లో ఇవి ఉన్నాయి:

00:01.0 పీసీఐ బ్రిడ్జ్
00:01.1 పీసీఐ బ్రిడ్జ్
01:00.0 ఇంటెల్ ఐ350 (8086:1521)
01:00.1 ఇంటెల్ ఐ350 (8086:1521)
02:00.0 ఎన్‌వీఎమ్ఈ కంట్రోలర్

బోర్డు మీది పోర్టు 00:1f.6, ఐ219. దాని గ్రూపులో 00:1f.0, 00:1f.4 లాంటివి కూడా ఉన్నాయి.

పాలమూరు_కెర్నెల్

ఇదే కారణం. మీ డెబియన్ డిస్కు, మీ నెట్‌వర్క్ కార్డు ఒకే గ్రూపులో పడ్డాయి. కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇక్కడ ఏం జరుగుతోందో అర్థమైతే మిగతా నిర్ణయాలన్నీ మీరే తీసుకోగలరు.

నెట్‌వర్క్ కార్డు తనకు వచ్చిన ప్యాకెట్లను ప్రాసెసర్ చేతికిచ్చి రాయించుకోదు. డీఎమ్ఏ పద్ధతిలో తానే నేరుగా ర్యామ్‌లో రాస్తుంది. ఎక్కడ రాయాలో దానికి డ్రైవరు చెబుతుంది. కార్డును వర్చువల్ మెషీన్‌కు ఇచ్చామంటే, చిరునామా చెప్పేది గెస్ట్‌లోని, అంటే వర్చువల్ మెషీన్ లోపలి డ్రైవరు అన్నమాట. గెస్ట్ తనకు తెలిసిన చిరునామాలే చెబుతుంది, అవి అసలు ర్యామ్ చిరునామాలు కావు. కార్డు వాటిని నమ్మి రాస్తే, ఆ రాత హోస్ట్ (అసలు యంత్రం) కెర్నెల్ మీదో పక్క వర్చువల్ మెషీన్ మీదో పడుతుంది. ఐఓఎమ్ఎమ్‌యూ మధ్యలో నిలబడి ప్రతి రాతనూ, ప్రతి చదువునూ ఆ గెస్ట్‌కు కేటాయించిన అసలు ర్యామ్‌కు మళ్లిస్తుంది, మిగతా చోట్లకు వెళ్లనివ్వదు.

ఇంతవరకు బాగానే ఉంది. కానీ రెండు పరికరాలు ఒకే బ్రిడ్జి వెనుకో, ఒకదానినొకటి వేరు చేయలేని పోర్టుల వెనుకో ఉంటే, అవి ఐఓఎమ్ఎమ్‌యూ దాకా రాకుండానే తమలో తాము మాట్లాడుకోగలవు. ఒకటి రెండోదాని రిజిస్టర్లలోకి నేరుగా రాయగలదు. దీన్ని ఆపే ఏర్పాటు పేరు ఏసీఎస్. అది ఉందని హార్డ్‌వేర్ హామీ ఇవ్వకపోతే, కెర్నెల్ ఆ పరికరాలన్నిటినీ ఒకే గ్రూపుగా లెక్కకడుతుంది. మీరు మిర్యాలగూడ వారు కాబట్టి ఎడమ కాలువ సంగతి తెలుసు. ఒకే తూము కింద ఉన్న మడుల్లో ఒకదానికి నీళ్లు వదిలి పక్కదానికి ఆపాలంటే మధ్యలో గట్టు ఉండాలి. ఏసీఎస్ ఆ గట్టు. మీ బోర్డులో ఆ రెండు పొడవాటి స్లాట్లూ నేరుగా ప్రాసెసర్ నుంచి వస్తున్నాయి. డెస్క్‌టాప్ తరగతి ఇంటెల్ ప్రాసెసర్ల ఈ పోర్టుల్లో ఏసీఎస్ ఉండదు. అందుకే ఎన్‌వీఎమ్ఈ కూడా అదే గ్రూపులోకి వచ్చింది.

బ్రిడ్జుల గురించి కంగారు పడకండి, వాటిని వీఎఫ్ఐఓకు కట్టాల్సిన పని లేదు. అడ్డు ఒక్క 02:00.0 మాత్రమే. దాన్ని మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వీఎఫ్ఐఓకు కట్టవద్దు. అది మీ హోస్ట్ డిస్కు.

బోర్డులో పొట్టి స్లాటు, అంటే చిప్‌సెట్ నుంచి వచ్చే ఎక్స్4 స్లాటు ఖాళీగా ఉందా?

నల్లగొండ_ఫైబర్

మేడం, ఒక మాట అడుగుతాను. మీకు వచ్చే లైను ఎంత? కాలేజీ ల్యాబులకు మా వైపు ఎక్కువగా 100 నుంచి 300 ఎంబీపీఎస్ ఇస్తుంటాం. ఆ వేగానికి విర్టియో, మామూలు బ్రిడ్జి చాలు. విర్టియో అంటే వర్చువల్ మెషీన్ల కోసమే చేసిన నకిలీ కార్డు, బ్రిడ్జి అంటే దాన్ని హోస్ట్ అసలు కార్డుకు కలిపే సాఫ్ట్‌వేర్ స్విచ్. విర్టియోకు వీహోస్ట్ (ప్యాకెట్లను హోస్ట్ కెర్నెల్‌లోనే దాటించే ఏర్పాటు) తోడైతే గిగాబిట్ లైను నిండా నింపినా ఇబ్బంది ఉండదు. కార్డును నేరుగా ఇవ్వడం మొదలుపెడితే గ్రూపులు, బయోస్, స్లాట్లు, ఇవన్నీ నెత్తిన పడతాయి. రేపు మీరు సెలవులో ఉన్నప్పుడు ఏదైనా ఆగితే ల్యాబులో ఇంకెవరు సరిచేస్తారు? సులువైన దారి ఉండగా ఇది ఎందుకు?

పాలమూరు_కెర్నెల్

> ఆ వేగానికి విర్టియో, మామూలు బ్రిడ్జి చాలు.

వేగం విషయంలో మీరన్నది నిజం. ఒక లెక్క చెప్తాను. గిగాబిట్ లైనులో పూర్తి పరిమాణం ఉన్న 1518 బైట్ల ఫ్రేములే వస్తే సెకనుకు దాదాపు 81 వేలు. ఏ పాత ప్రాసెసరైనా బ్రిడ్జి మీదుగా దాటించగలదు. అదే లైను 64 బైట్ల చిన్న ఫ్రేములతో నిండితే సెకనుకు సుమారు 14.88 లక్షలు. అక్కడ బ్రిడ్జి, విర్టియో చెమటోడుస్తాయి, కార్డు నేరుగా ఉన్న గెస్ట్ కొంత మెరుగ్గా ఉంటుంది. కానీ ఏ కాలేజీ ల్యాబుకూ మామూలు రోజుల్లో అలాంటి రద్దీ రాదు.

మేడం ఉద్దేశం వేగం కాదేమో అనుకుంటున్నాను. రౌటరును వర్చువల్ మెషీన్‌లో పెట్టేవారు కార్డును నేరుగా ఇవ్వడానికి అసలు కారణం వేరు. బయటి నుంచి వచ్చే తీగ హోస్ట్ కెర్నెల్‌ను తాకకూడదు. బ్రిడ్జి పెడితే ప్రతి ప్యాకెట్టూ ముందు హోస్ట్ డ్రైవరు చేతిలో పడి, తర్వాతే గెస్ట్‌కు వెళ్తుంది. హోస్ట్ బ్రిడ్జికి ఐపీ చిరునామా ఇవ్వకపోయినా, ఐపీవీ6 ఆపకపోతే దానంతట అది లింక్-లోకల్ చిరునామా తెచ్చుకుంటుంది. అంటే ఫైర్‌వాల్ వెనుక ఉండాల్సిన హోస్ట్, తెలియకుండానే ఫైర్‌వాల్ ముందు ఒక కాలు పెట్టినట్టు. ఇది ఆపవచ్చు. కానీ ఆపాలని గుర్తుండాలి.

నల్లగొండ_ఫైబర్

ఐపీవీ6 సంగతి ఒప్పుకుంటాను, ఆ పాయింటు బలమైనదే. ఒక సెట్టింగుతో పోయేది కూడా. చిన్న సంస్థలకు నా సలహా మాత్రం ఇప్పటికీ బ్రిడ్జే.

దేవరకొండ_పాలిటెక్నిక్

భద్రత గురించి మాట్లాడుతున్నప్పుడు రెండో వైపు కూడా చూడాలి. కార్డును గెస్ట్‌కు అప్పగించడం అంటే దాని రిజిస్టర్లతో పాటు దాని మీది ఈప్రామ్ (కార్డు సొంత సెట్టింగులు, ఫర్మ్‌వేర్ దాచుకునే చిప్) కూడా గెస్ట్ చేతికి వెళ్లడం. గెస్ట్ ఎవరి చేతికైనా చిక్కితే వారు కార్డు ఫర్మ్‌వేర్‌ను మార్చగలరు. వర్చువల్ మెషీన్‌ను తుడిచేసి కొత్తగా పెట్టినా ఆ మార్పు కార్డులో ఉండిపోతుంది. తర్వాత అదే కార్డును హోస్ట్‌కు వాడితే ప్రమాదం. కాబట్టి ఒకసారి బయటి తీగకు కేటాయించిన కార్డును ఆ పనికే ఉంచడం మంచి పద్ధతి.

చరిత్ర కొంచెం చెప్పాలనిపిస్తోంది, విద్యార్థులు కూడా చదువుతున్నారు కాబట్టి. కేవీఎం లైనక్స్ 2.6.20లో, 2007లో వచ్చింది. పరికరాలను గెస్ట్‌కు ఇచ్చే తొలి పద్ధతి కేవీఎంలోనే ఉండేది, ఈ గ్రూపుల విచారణ అందులో సరిగా ఉండేది కాదు. 2012లో 3.6 కెర్నెల్‌తో వీఎఫ్ఐఓ వచ్చింది. గ్రూపు మొత్తాన్ని ఒకే యూనిట్‌గా చూడడం దానితోనే నియమంగా స్థిరపడింది. ఈ రోజు మేడంకు వచ్చిన సందేశం ఆ నియమం ఫలితమే. అడ్డుపడుతున్నట్టు అనిపించినా, అది కాపాడుతోంది.

మిర్యాలగూడ_ల్యాబ్

అందరికీ ధన్యవాదాలు. లైను 200 ఎంబీపీఎస్, పీపీపీఓఈ (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో కలిసే పద్ధతి). వేగం కోసం కాదు సార్, పాలమూరు గారు చెప్పిన కారణమే. ఇదే యంత్రం మీద విద్యార్థుల మార్కులు, పరీక్షల ప్రశ్నలు ఉంటాయి. బయటి తీగ హోస్ట్‌కు తగలకుండా ఉండాలని మొదటి నుంచీ అనుకుంటున్నాను. ఇంకొక కారణం కూడా ఉంది: పరికరం, డ్రైవరు, డీఎమ్ఏ, ఇవి మా పిల్లలకు సిలబస్‌లో పేర్లుగానే మిగిలిపోతున్నాయి. కళ్ల ముందు చూపించాలి.

పొట్టి ఎక్స్4 స్లాటు ఖాళీగానే ఉంది. ఏసీఎస్ ఓవర్‌రైడ్ అనే ప్యాచ్ పెడితే స్లాటు మార్చకుండానే గ్రూపు విడిపోతుందని ఒక చోట చదివాను. అది మంచిదా?

పాలమూరు_కెర్నెల్

మీ అవసరానికి అది తగదు. ఆ ప్యాచ్ అసలు లైనక్స్ కెర్నెల్‌లో లేదు, బయట నుంచి తెచ్చి కలుపుకోవాలి. అది చేసేది కొత్త గట్టు వేయడం కాదు. గట్టు లేకపోయినా ఉందని కెర్నెల్‌ను నమ్మించడం. గ్రూపులు కాగితం మీద విడిపోతాయి, పరికరాలు మాత్రం లోపల ఎప్పటిలాగే ఒకదానినొకటి అందుకోగలవు. ఇంట్లో గేముల కోసం గ్రాఫిక్స్ కార్డు ఇచ్చుకునేవారు వాడితే వారిష్టం. ఇంటర్నెట్‌కు ఎదురుగా నిలబడే గెస్ట్‌ను, మార్కులున్న హోస్ట్ డిస్కును ఒకే గ్రూపు నుంచి అలా విడదీయడం మీ ఉద్దేశాన్నే కొట్టేస్తుంది.

కార్డును పొట్టి స్లాటుకు మార్చండి. ఐ350 ఎక్స్4 కార్డే, అక్కడ సరిగ్గా సరిపోతుంది. ఆ తరం చిప్‌సెట్ పోర్టులను వేరు చేసి చూసే ఏర్పాటు లైనక్స్‌లో ప్రత్యేకంగా ఉంది, కాబట్టి గ్రూపు విడిగా రావాలి.

జడ్చర్ల_సర్వర్స్

స్లాటు మార్చే ముందు ఒక హెచ్చరిక. దయచేసి దీన్ని తేలికగా తీసుకోకండి.

వర్చువల్ మెషీన్ సెట్టింగుల్లో పరికరం పేరు ఉండదు, చిరునామా ఉంటుంది. మీ దాంట్లో ఇప్పుడు 01:00.0 అని రాసి ఉంది. కార్డు స్లాటు మారితే బస్సు నంబర్లు (01:00.0లో మొదటి 01) మళ్లీ వేస్తారు. ఏ నంబరు ఎవరికి వస్తుందో బోర్డు ఇష్టం. మేం ఫ్యాక్టరీలో ఒక సర్వరులో కార్డు మార్చినప్పుడు, పాత నెట్‌వర్క్ కార్డు చిరునామా డిస్కు కంట్రోలరుకు వెళ్లింది. వర్చువల్ మెషీన్ ఆటోస్టార్ట్‌లో ఉంది. హోస్ట్ లేచీ లేవగానే డిస్కు కంట్రోలరును గెస్ట్‌కు అప్పగించే ప్రయత్నం మొదలైంది, ఫైల్‌సిస్టమ్ మధ్యలో తెగింది. బ్యాకప్ ఉండబట్టి గట్టెక్కాం.

మీ గ్రూపు విషయంలో ఇది ఇంకా ముఖ్యం. ఇప్పుడు కార్డూ డిస్కూ కలిసి ఉన్నందువల్లే వీఎఫ్ఐఓ ఒప్పుకోవడం లేదు. కార్డు బయటికి వెళ్లాక గ్రూపు 1లో డిస్కు ఒక్కటే మిగులుతుంది. అప్పుడు పాత చిరునామా డిస్కుకు వస్తే, ఆపే నియమం ఏదీ ఉండదు.

కాబట్టి ఆటోస్టార్ట్ తీసేయండి. వర్చువల్ మెషీన్ నుంచి పరికరాన్ని పూర్తిగా తొలగించండి. ఆ తర్వాతే యంత్రం ఆపి కార్డు మార్చండి. లేచాక చిరునామా చూసి కొత్తగా చేర్చండి.

హోస్ట్ నెట్‌వర్క్ పేర్లు కూడా ఇలాగే బస్సు నంబరును బట్టి వస్తాయి, మారితే హోస్ట్‌కు నెట్‌వర్క్ పోతుంది. మీ ఐ219 బస్సు 0 మీద ఉంది కాబట్టి దాని పేరు మారదు. ఇతరులు మాత్రం మ్యాక్ చిరునామాను బట్టి పేరు స్థిరపరిచే లింక్ ఫైలు ముందే రాసుకోవాలి.

సూర్యాపేట_హార్డ్‌వేర్

మానిటరు, కీబోర్డు తగిలించి ఉంచి చేయండి మేడం. నెట్‌వర్క్ మీద నుంచి ఈ పని చేయకూడదు.

పాలమూరు_కెర్నెల్

జడ్చర్ల గారు చెప్పింది ప్రతి ఒక్కరూ రాసి పెట్టుకోవాలి. దానికి తోడు ఒకటి: ఎప్పుడైనా తప్పు పరికరం గెస్ట్‌కు వెళ్లి హోస్ట్ అందకుండా పోతే, బూట్ మెనూలో ఆ ఒక్కసారికి కెర్నెల్ పారామీటరు మార్చి ఐఓఎమ్ఎమ్‌యూను ఆఫ్ చేయండి. ఐఓఎమ్ఎమ్‌యూ లేకపోతే వీఎఫ్ఐఓ పరికరాన్ని ఇవ్వలేదు, వర్చువల్ మెషీన్ మొదలుకాదు, హోస్ట్ మామూలుగా లేస్తుంది.

వాడే సాధనాన్ని బట్టి ప్రవర్తన కూడా మారుతుంది. మేడం వాడేది విర్ట్-మేనేజర్, గ్రూపు సరిగా లేకపోతే ఆగి చెబుతుంది. గ్రూపులోని పరికరాలన్నిటినీ తానే తీసుకెళ్లి వీఎఫ్ఐఓకు కట్టే సాధనాలూ ఉన్నాయి. అక్కడ ఇదే బోర్డు మీద ఇదే పని చేస్తే సందేశం రాదు, డిస్కు పోతుంది. గ్రూపు జాబితా చూడకుండా స్టార్ట్ బటన్ నొక్కవద్దని నేను అందరినీ బతిమాలేది అందుకే.

గద్వాల_బీటెక్

అన్నా, మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోవద్దు. నా ల్యాప్‌టాప్‌లో విండోస్ మీద వర్చువల్‌బాక్స్ ఉంది. అందులోని లైనక్స్‌కు ల్యాప్‌టాప్ వైఫై కార్డు నేరుగా ఇవ్వాలి. మానిటర్ మోడ్‌లో (చుట్టూ గాలిలో వెళ్లే వైఫై ప్యాకెట్లన్నీ వినే పద్ధతి) ప్యాకెట్లు చూసే ప్రాక్టికల్ ఉంది. బ్రిడ్జ్ పెడితే గెస్ట్‌లో వైఫై కార్డు కనిపించడం లేదు, మామూలు ఈథర్‌నెట్ కార్డే కనిపిస్తోంది.

పాలమూరు_కెర్నెల్

తమ్ముడూ, బ్రిడ్జ్‌లో గెస్ట్‌కు కనిపించేది ఎప్పుడూ నకిలీ ఈథర్‌నెట్ కార్డే. రేడియో హోస్ట్ దగ్గరే ఉంటుంది, కాబట్టి మానిటర్ మోడ్ గెస్ట్ నుంచి కుదరదు. వర్చువల్‌బాక్స్‌లో పీసీఐ పరికరం ఇచ్చే సౌకర్యం లైనక్స్ హోస్ట్‌కు మాత్రమే ఉండేది, అది కూడా 6.1తో తీసేశారు. విండోస్ సర్వర్ 2016 నుంచి హైపర్-వీలో ఇలాంటి సౌకర్యం ఉంది, కానీ అది సర్వర్ ఎడిషన్లకే.

నీకు తేలికైన దారి యూఎస్‌బీ వైఫై అడాప్టరు. యూఎస్‌బీ పరికరాన్ని గెస్ట్‌కు ఇవ్వడానికి ఐఓఎమ్ఎమ్‌యూ అక్కర్లేదు, గ్రూపులు అక్కర్లేదు. గెస్ట్‌కు ఒక నకిలీ యూఎస్‌బీ కంట్రోలరు ఉంటుంది, హోస్ట్ ఆ పరికరం మాటలను దాని మీదుగా అందిస్తుంది. కొనే ముందు ఆ చిప్‌కు లైనక్స్‌లో మానిటర్ మోడ్ ఉందో లేదో చూసుకో. నీ సొంత నెట్‌వర్క్ మీద, లేదా ల్యాబు అనుమతి ఇచ్చిన నెట్‌వర్క్ మీద మాత్రమే చేయి.

గద్వాల_బీటెక్

అర్థమైంది అన్నా. ల్యాబులోనే చేస్తాం, మా సార్ పక్కనే ఉంటారు.

మిర్యాలగూడ_ల్యాబ్

కార్డు మార్చాం. జడ్చర్ల గారు చెప్పిన వరుసలోనే చేశాం, ముందుగా పరికరాన్ని వర్చువల్ మెషీన్ నుంచి తొలగించి. ఫలితం ఇదిగో:

గ్రూపు 1: 00:01.0, 00:01.1, 02:00.0 (ఎన్‌వీఎమ్ఈ)
ఐ350: 03:00.0 ఒక గ్రూపు, 03:00.1 ఇంకో గ్రూపు

డిస్కు చిరునామా మారలేదు. రెండు పోర్టులూ రెండు వేరువేరు గ్రూపుల్లో రావడం చూసి ఆశ్చర్యమేసింది. కార్డు ఒకటే కదా, ఇది సరైనదేనా? రెండు పోర్టులూ ఇచ్చి ఓపీఎన్‌సెన్స్ మొదలుపెట్టాను, లోపల ఐజీబీ0, ఐజీబీ1గా కనిపిస్తున్నాయి. పీపీపీఓఈ కలిసింది.

పాలమూరు_కెర్నెల్

చాలా సంతోషం. గ్రూపులు విడిగా రావడం సరైనదే. ఆ కార్డులో రెండు పోర్టులు రెండు స్వతంత్ర ఫంక్షన్లు. అవి లోపల ఒకదానితో ఒకటి మాట్లాడుకోవని తెలిసిన కార్డుల జాబితా ఒకటి కెర్నెల్‌లో ఉంది, ఐ350 అందులో ఉంది. అన్ని కార్డులకూ ఇలా రాదు.

ఇది మీకు గొప్ప అవకాశం కూడా. ఇప్పుడు రెండు పోర్టులూ గెస్ట్‌కే ఇచ్చారు. మీ ఫైళ్ల సర్వరు, పరీక్షల సర్వరు అదే యంత్రంలో ఉన్నాయి. అవి రౌటరును ఎలా చేరుతాయి? హోస్ట్ బ్రిడ్జి నుంచి ఐ219 మీదుగా బయటికి వెళ్లి, ల్యాబు స్విచ్ చేరి, తిరిగి ఐ350 రెండో పోర్టులోకి రావాలి. స్విచ్ ఆగిపోతే, ఒకే డబ్బాలో ఉన్నా ఆ రెండు సర్వర్లూ రౌటరును చేరలేవు.

బయటి తీగ ఉన్న 03:00.0 ఒక్కటే నేరుగా ఇవ్వండి. లోపలి వైపుకు విర్టియో పెట్టండి. 03:00.1ను హోస్ట్‌కు తిరిగి తీసుకుని బ్రిడ్జిలో చేర్చి, అక్కడి నుంచి ల్యాబు స్విచ్‌కు తీగ వేయండి. ఐ219 నిర్వహణకు విడిగా ఉంటుంది. బయటి ప్యాకెట్లు హోస్ట్‌ను తాకవు, లోపలి మెషీన్లు బ్రిడ్జి మీదే మాట్లాడుకుంటాయి. మీకు కావలసింది ఇదే అనుకుంటాను.

నల్లగొండ_ఫైబర్

ఈ అమరిక నాకు నచ్చింది. లోపలి వైపు విర్టియో అంటే నేను చెప్పిన సౌకర్యం కూడా ఉన్నట్టే. ఓపీఎన్‌సెన్స్‌లో విర్టియో వాడేటప్పుడు హార్డ్‌వేర్ చెక్‌సమ్ ఆఫ్‌లోడ్ (ప్యాకెట్ల తప్పులు చూసే లెక్కను కార్డుకు వదిలేయడం) ఆపేయడం మరిచిపోకండి. పింగ్ వెళ్తుంది, పేజీలు మాత్రం తెరుచుకోవు అనే ఫిర్యాదు చాలాసార్లు దాని దగ్గరే తేలుతుంది.

దేవరకొండ_పాలిటెక్నిక్

> 03:00.1ను హోస్ట్‌కు తిరిగి తీసుకుని

ఇది నేను ముందు చెప్పిన మాటకు తగులుతుంది. రెండు పోర్టులకూ ఈప్రామ్ ఒకటే. గెస్ట్ చిక్కితే దాన్ని మార్చగలదు, అదే కార్డు రెండో సగం హోస్ట్ వాడుతోంది.

పాలమూరు_కెర్నెల్

సార్, మీ అభ్యంతరం న్యాయమైనది. పూర్తి జాగ్రత్త కావాలంటే లోపలి బ్రిడ్జికి ఐ219నే వాడి, నిర్వహణను వీల్యాన్‌గా, అంటే ఒకే తీగ మీద విడి నెట్‌వర్క్‌గా, అదే పోర్టు మీద పెట్టవచ్చు. అప్పుడు 03:00.1 ఖాళీగా ఉండిపోతుంది, హోస్ట్ ముట్టుకోదు. మేడం దగ్గర వీల్యాన్ తెలిసిన స్విచ్ ఉంటే నేనూ దాన్నే ఎంచుకుంటాను. కార్డు ఫర్మ్‌వేర్ మీద దాడి అంటే ఎంతో తెలిసినవాడు కావాలి. అయినా ఖర్చు లేకుండా తప్పించగలిగినప్పుడు తప్పించడమే మేలు.

మిర్యాలగూడ_ల్యాబ్

స్విచ్‌కు వీల్యాన్ ఉంది. దేవరకొండ సార్ చెప్పిన ప్రకారమే చేస్తాను.

ఇంకో సందేహం. ఓపీఎన్‌సెన్స్‌కు 4 జీబీ ఇచ్చాను. అది లోపల 1 జీబీ కూడా వాడటం లేదు, కానీ హోస్ట్‌లో చూస్తే 4 జీబీ మొత్తం పోయింది. ఎందుకు?

జడ్చర్ల_సర్వర్స్

కార్డు ఎప్పుడు ఎక్కడ రాస్తుందో హోస్ట్‌కు తెలియదు. అందుకే గెస్ట్ ర్యామ్ మొత్తాన్ని కదలకుండా కట్టేస్తారు. స్వాప్ చేయడం (డిస్కుకు తరలించడం), గెస్ట్ వాడని ర్యామ్‌ను బెలూన్ అనే డ్రైవరుతో వెనక్కి తీసుకోవడం కుదరవు. ఇచ్చినంతా పోయినట్టే లెక్క. మీ అవసరానికి 2 జీబీతో సరిపెట్టవచ్చు, పెద్ద బ్లాక్‌లిస్టులు, దాడుల పరిశీలన సాఫ్ట్‌వేర్ పెట్టకపోతే.

ఇదే కారణంతో లైవ్ మైగ్రేషన్ (నడుస్తున్న మెషీన్‌ను ఆపకుండా ఇంకో యంత్రానికి మార్చడం) కూడా మామూలుగా కుదరదు. ర్యామ్‌తో సహా స్నాప్‌షాట్ తీయలేరు. ఆపి తీసే డిస్కు స్నాప్‌షాట్‌కు అడ్డు లేదు. ఓపీఎన్‌సెన్స్ సెట్టింగుల ఫైలును విడిగా బయట దాచుకోండి.

నేను ఎస్ఆర్-ఐఓవీ గురించి కూడా చెప్పాలనుకున్నాను. మీ ఐ350లో ఆ సౌకర్యం ఉంది, ఒక్కో పోర్టును 7 వరకు చిన్న వర్చువల్ ఫంక్షన్లుగా విభజించి ఒక్కోదాన్ని ఒక్కో గెస్ట్‌కు ఇవ్వవచ్చు. మేం ఫ్యాక్టరీలో 10 గిగాబిట్ ఎక్స్520 కార్డులతో అలాగే నడుపుతాం, వాటిలో పోర్టుకు 63 వస్తాయి. కానీ ఆ పద్ధతిలో అసలు పోర్టు హోస్ట్ డ్రైవరు చేతిలోనే ఉంటుంది. బయటి తీగ హోస్ట్‌ను తాకకూడదన్నది మీ లక్ష్యం కాబట్టి మీకు పనికిరాదు. ఫైళ్ల సర్వరు లాంటి వాటికైతే బాగుంటుంది.

ఎక్స్520 లాంటివి పాతవి చవకగా దొరుకుతున్నాయని కొనేవారికి ఒక మాట. అవి సర్వరు ఫ్యాన్ల గాలి ఆశించి చేసిన కార్డులు. మన మే నెలలో, ఏసీ లేని గదిలో, మామూలు క్యాబినెట్‌లో అవి బాగా కాలుతాయి. కార్డు మీదికి ఒక ఫ్యాన్ తిప్పి పెట్టకపోతే లింకు పడుతూ లేస్తూ ఉంటుంది. ఐ350కి ఆ బాధ లేదు.

సూర్యాపేట_హార్డ్‌వేర్

దుమ్ము కూడా చూసుకోవాలి. మూడు నెలలకోసారి బ్లోయర్ కొట్టించండి.

నల్లగొండ_ఫైబర్

కరెంటు పోయి వచ్చినప్పుడు ఏం జరుగుతుందో ఇప్పుడే పరీక్షించండి మేడం. రౌటరు హోస్ట్ లోపలే ఉంది కాబట్టి హోస్ట్ లేచేటప్పుడు రౌటరు ఉండదు. హోస్ట్‌కు డీహెచ్‌సీపీ పెట్టవద్దు, స్థిరమైన ఐపీ ఇవ్వండి. హోస్ట్ లేవడానికి డీఎన్ఎస్ గానీ, నెట్‌వర్క్ మీద ఉన్న డిస్కు గానీ కావలసి రాకూడదు. ఓపీఎన్‌సెన్స్ మొదట, మిగతా రెండూ కొంచెం ఆలస్యంగా లేచేలా పెట్టండి. ఫైబర్ డబ్బాకు కూడా యూపీఎస్ నుంచే కరెంటు ఇవ్వండి. చాలాచోట్ల సర్వరుకు యూపీఎస్ ఉంటుంది, ఫైబర్ డబ్బాకు ఉండదు.

పీపీపీఓఈ సెషన్ పాతది మా వైపు ఇంకా తెగకుండా ఉంటే కొత్తది కలవడానికి కాసేపు పట్టవచ్చు. కంగారుపడి మళ్లీ మళ్లీ రీబూట్ చేయకండి.

మిర్యాలగూడ_ల్యాబ్

అన్నీ అమర్చాం. 03:00.0 ఒక్కటే ఓపీఎన్‌సెన్స్‌కు, లోపలి వైపు విర్టియో, ఐ219 మీద వీల్యాన్లు. చెక్‌సమ్ ఆఫ్‌లోడ్ ఆపాం. ర్యామ్ 2 జీబీకి తగ్గించాం. మెయిన్ స్విచ్ ఆపి, యూపీఎస్ కూడా ఆపి, మళ్లీ వేసి చూశాం. హోస్ట్ లేచింది, ఓపీఎన్‌సెన్స్ లేచింది, కాసేపటికి పీపీపీఓఈ కలిసింది, తర్వాత మిగతా రెండూ వచ్చాయి. హోస్ట్‌లో పరికరాల జాబితా చూస్తే 03:00.0 పక్కన వీఎఫ్ఐఓ డ్రైవరు అని ఉంది, 03:00.1 ఏ డ్రైవరూ లేకుండా ఉంది.

ఆఖరి సంవత్సరం విద్యార్థులను కూర్చోబెట్టి గ్రూపుల ఫోల్డరు తెరిచి చూపించాను. ఒక అమ్మాయి మంచి ప్రశ్న వేసింది: ఐఓఎమ్ఎమ్‌యూ ప్రతి రాతనూ మళ్లిస్తుంటే వేగం తగ్గదా? నాకు తెలిసినంత చెప్పాను, మీరు ఇంకా బాగా చెప్పగలరు.

పాలమూరు_కెర్నెల్

ఆ అమ్మాయికి నా అభినందనలు చెప్పండి. మళ్లించడానికి ఐఓఎమ్ఎమ్‌యూ దగ్గర పేజీ పట్టికలు ఉంటాయి, ప్రాసెసర్ దగ్గర ఉన్నట్టే. ప్రతిసారీ పట్టిక మొత్తం వెతికితే ఆలస్యమవుతుంది. అందుకే ఇటీవల వెతికినవి ఒక చిన్న క్యాషేలో ఉంచుకుంటుంది, దాని పేరు ఐఓటీఎల్‌బీ. గెస్ట్ ర్యామ్‌ను పెద్ద పేజీలతో, అంటే 4 కేబీ బదులు 2 ఎంబీ పేజీలతో ఇస్తే క్యాషేలో ఒక్కో ఎంట్రీ ఎక్కువ చోటును కప్పుతుంది, వెతుకులాట తగ్గుతుంది. గెస్ట్ ర్యామ్ మొత్తం ముందే కట్టేసి ఉంటుంది కాబట్టి ప్యాకెట్టు ప్యాకెట్టుకూ పట్టిక మార్చాల్సిన పని కూడా లేదు. గిగాబిట్ దగ్గర తేడా కొలిచినా దొరకదు.

హోస్ట్ తన సొంత పరికరాలకు మాత్రం ఈ మళ్లింపు వద్దనుకుంటే, కెర్నెల్‌కు ఐఓఎమ్ఎమ్‌యూ=పీటీ అనే పారామీటరు ఇవ్వవచ్చు. అప్పుడు గెస్ట్‌కు ఇచ్చిన పరికరాలకే పట్టికలు ఉంటాయి. మీ ఎన్‌వీఎమ్ఈకి అది కొంచెం మేలు చేస్తుంది. పిల్లలతో రెండు విధాలుగానూ డిస్కు వేగం కొలిపించి, వచ్చిన అంకెలు ఇక్కడ పెట్టించండి.

మిర్యాలగూడ_ల్యాబ్

తప్పకుండా. వచ్చే వారం ప్రాక్టికల్‌లో ఇదే పెడతాను. ఆ అమ్మాయే అంకెలు రాస్తుంది.